ఎడమ వెనక పార్కింగ్ లైటు గారికి

మహారాజశ్రీ ఎడమ వెనక పార్కింగ్ లైటు గారి సముఖమునకు,

పర్లాకిమిడి నుంచి మీ బండి యజమాని రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. కానీ ఇన్నాళ్లూ మీ ఇద్దరిలో కుడివైపు వారొక్కరే కుశలం కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. "నిలుపుదల దీపము" అని సంబోధించనందుకు ఏమీ అనుకోకండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, నోట్లో ఉన్న తెలుగే రాస్తాం.

మనది 1998 మోడల్ మారుతి 800. 2012లో ఒడిశా బళ్లు ఓఆర్ నుంచి ఓడీకి మారినా మన నంబరు ప్లేటు పాత అక్షరాలతోనే తిరుగుతోంది. అద్దం సగంలో ఆగిపోయినా, స్టీరింగు ఎడమకి తిప్పితేనే హారన్ మోగినా నేను నోరెత్తలేదు. వయసైపోయిన బండి, సర్దుకుపోవాలి. మీ సంగతి వేరు. మీరు పాడవలేదు, నాటకమాడారు.

ఆ రాత్రి పాతపట్నం దాటాక పోలీసాయన ఆపి "ఎడమ లైటు లేదేం?" అన్నాడు. నేను సంజాయిషీ మొదలుపెట్టేలోపే డిక్కీ మీద చేత్తో ఒక్కటి చరిచాడు. మీరు టక్కున వెలిగారు, పెళ్లికొడుకులా. ఆయన నన్ను అదోలా చూసి "ఉంది గదా, పదండి" అన్నాడు. మొదటి గతుకు రాగానే మళ్లీ కళ్లు మూసుకున్నారు.

మొదట బల్బు మార్చాను. 21/5 వాట్ల బల్బు, ఒకే బుడ్డిలో రెండు ఫిలమెంట్లు: ఐదు వాట్లది మీకు, ఇరవై ఒకటిది బ్రేకుకి. దాని రెండు పిన్నులూ ఎత్తుపల్లాలుగా ఉండేది తిరగేసి పెట్టకుండా ఉండడానికేనట. నేను బలవంతంగా దూర్చాను. ఇక వెలిగిన కాసేపూ మీరు బ్రేకు లైటంత మండిపోయేవారు. వెనకొచ్చే ఆటోలవాళ్లు జడిసి దూరం జరిగేవారు. చివరికి దాన్ని తీసి సరిగ్గా తిప్పి పెట్టాను.

తర్వాత ఫ్యూజు. "ఇద్దరిదీ ఒకే ఫ్యూజైతే, అది పోతే కుడివైపుది కూడా ఆరిపోవాలి కదా?" అని మా ఆవిడ అడిగింది. ఫ్యూజు కొన్నాక అడిగింది. ఆ పైన స్టీరింగు పక్కన స్విచ్చి కూడా మార్పించాను. అప్పుడేమీ అడగలేదు. ఆ మౌనానికే నాకు ఎక్కువ టెన్షన్.

అప్పటికి మీ లీలలు ముదిరాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే మీరూ కన్నుకొట్టేవారు. బ్రేకు తొక్కితే, లోకంలో అందరి వెనకా వెలుగొచ్చే సమయానికి, మీరు ఆరిపోయేవారు. టెక్కలి నుంచి మన వెనకాలే బైకు మీద వచ్చిన మా బావమరిది "ఏటి బావా, బండికి దెయ్యం గాని పట్టిందా?" అన్నాడు.

బస్టాండు దగ్గర ఎలక్ట్రీషియన్ నాలుగు రోజులు "కాలి ఆసంతు" అన్నాడు. రేపు రమ్మనే మాటకి ఒడియాలోనూ తెలుగులోనూ రాగం ఒకటే. ఐదో రోజు డిక్కీ తెరిచి, ఒక వైరు ముక్క తీసుకుని ఒక కొస మీ నల్ల వైరుకీ రెండో కొస బండి రేకుకీ ఆనించాడు. మీరు వెలిగారు. "బల్బుకేటీ రోగం లేదు బాబూ, దీనికి ఎర్తు లేదు" అన్నాడు.

కరెంటు మీ దాకా వైరులో వస్తుంది. తిరిగి బ్యాటరీకి చేరేది మాత్రం బండి రేకు గుండానే. మీ నల్ల వైరు బిగించిన స్క్రూ కింద తుప్పు పట్టి ఆ దారి మూసుకుపోయింది. మీరు ఊరుకునే రకమా? పక్కనున్న బ్రేకు ఫిలమెంటులోంచి, ఇండికేటర్‌లోంచి దొడ్డిదారి పట్టారు. నేను బ్రేకు తొక్కగానే అటునుంచీ కరెంటు ఎదురొచ్చేది, మీరు నిలబడిపోయేవారు. పొరుగింటి వాకిలి గుండా సొంతింటికి చేరడం మాకూ కొత్త కాదు లెండి. 1936 ఏప్రిల్ 1న గీత గీసి మమ్మల్ని ఒడిశాలో కలిపాక రేషన్ కార్డు ఇటు, వియ్యాలవారు అటు. అయినా ఎవరో బ్రేకు తొక్కారని మేం ఆరిపోలేదు.

స్క్రూ విప్పి, ఎమిరీ పేపరుతో తుప్పు గీకి, కాస్త గ్రీజు రాసి బిగించాడు. పది నిమిషాలు, యాభై రూపాయలు. అంతకుముందు మీకు సమర్పించుకున్నదెంతో ఇక్కడ రాయను, ఈ ఉత్తరం మా ఆవిడ కూడా చదువుతుంది.

నిన్న రాత్రి ముచ్చటపడి మిమ్మల్ని వెలిగించి వీధిలో నిలబడి చూశాను. కార్తీక పున్నమి తెల్లవారుజామున ఒడియావాళ్లు చెరువులో వదిలే చిట్టిపడవ మీద దీపంలా ఉన్నారు. చూసి చూసి లోపలికెళ్లి పడుకున్నాను. ఆర్పలేదు. నాలుగు మూలలా ఐదేసి వాట్లు, నంబరు ప్లేటు దీపం కూడా కలిపితే సుమారు రెండు యాంపియర్లు. బ్యాటరీ చూస్తే 35 యాంపియర్-అవర్లది, అదీ నాలుగేళ్ల నాటిది. తెల్లారేసరికి కుడివైపు వారూ మీతో సమానమయ్యారు.

బండి తోయడానికి ఎదురింటి కుర్రాళ్లు వచ్చారు. ఉంటాను.

ఇట్లు,
ఎప్పుడూ మీకు ముందు కూర్చునే
బండి యజమాని