రాగి దొంగని వదిలేసి కారు కొన్నవాడిని తిడతారా?

హైవే పక్కన ఎలక్ట్రిక్ కార్ల ఛార్జింగ్ పాయింట్‌లో రెండు గన్‌ల (కారుకి తగిలించే ప్లగ్‌ల) కేబుళ్లూ కోసుకుపోయారని మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాను. మొదటి రిప్లై: "అందుకే పెట్రోలు కారు కొనుక్కోమన్నాం." తర్వాత రెండు నవ్వు బొమ్మలు. ఆ తర్వాత ఒక పెద్దాయన, "ఎవడో తాగుబోతు పని, వదిలెయ్ బాబూ" అన్నారు. ఆయన మీద గౌరవం ఉంది కానీ ఈ మాట మాత్రం ఒప్పుకోలేను.

తాగుబోతు అయితే స్క్రీన్ పగలగొడతాడు, మెషిన్ మీద రాయి వేస్తాడు. ఇక్కడ స్క్రీన్ మీద గీత కూడా లేదు. కేబుల్‌ని మెషిన్ అంచు దాకా కోసేసి, ప్లాస్టిక్ గన్‌ని మాత్రం గడ్డిలో పారేసి పోయారు. గన్‌ అమ్మితే డబ్బు రాదు, కేబుల్‌లో ఉన్న లావుపాటి రాగి తీగలకి వస్తుంది. ఇంకో సంగతి కూడా వాడికి తెలుసు. గన్ కారుకి తగిలించనంత సేపూ ఆ కేబుల్‌లో కరెంటు ఉండదు. తగిలించాక కారూ మెషినూ ఒక సన్న తీగ ద్వారా మాట్లాడుకుని, ఇన్సులేషన్ బాగుందో లేదో చూసుకుని, అన్నీ సరిపోతేనే లోపల స్విచ్ పడుతుంది. మనకి షాక్ కొట్టకూడదని పెట్టిన ఏర్పాటే దొంగకి కూడా పనికొచ్చింది. కట్టర్ వేసి నిమిషాల్లో పని ముగించుకుని పోయాడు.

ఈ దొంగ మనకి కొత్తవాడా? కాలవ చివరి పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్‌ని స్తంభం మీద నుంచి కింద పడేసి, ఆయిల్ చేలో పారబోసి, లోపలి కాయిల్ పట్టుకుపోయేవాళ్ల గురించి వినని రైతు గోదావరి జిల్లాల్లో ఉన్నాడా? భీమవరం, పాలకొల్లు వైపు చెరువుల వాళ్లని అడగండి. రాత్రి మోటారు వైరు కోసుకుపోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది. వాడు పట్టుకుపోయిన వైరు ఖరీదు ఎంత, ఆ చెరువు మీద పెట్టిన అప్పు ఎంత! అలా జరిగినప్పుడల్లా మనం ఏం చేశాం? చందాలేసుకున్నాం, లైన్‌మన్ చుట్టూ తిరిగాం, పంట పోయిన రైతుని పాపం అనుకుని ఊరుకున్నాం. కాయిల్ ఎవరు కొన్నారని గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. ఊళ్లో ఏ కొట్టుకి ఏ సరుకు వస్తుందో తెలిసిన వాళ్లు కూడా పైకి అనలేదు. అప్పుడు అడగలేదు కాబట్టే దొంగ ఇవాళ పొలం గట్టు దిగి హైవే ఎక్కాడు.

ఆ రోజు అత్తయ్యగారికి రాజమండ్రిలో కంటి ఆపరేషన్ చేయించి తీసుకొస్తున్నాం. యాప్‌లో ఆ పాయింట్ ఆకుపచ్చగా, ఖాళీగా ఉన్నట్టు చూపించింది. మెషిన్‌కి కరెంటు, నెట్ ఉంటే చాలు, కేబుల్ లేకపోయినా యాప్ అలాగే చూపిస్తుందని అక్కడికి వెళ్లాక అర్థమైంది. పక్క టీ కొట్టాయన, "రాత్రే కోసుకుపోయారండీ. పొద్దుట్నుంచీ మీలాంటోళ్లు వచ్చి చూసి పోతన్నారు" అన్నాడు. కంటికి కట్టుతో ఆవిడ వెనక సీట్లో, బండిలో ఛార్జ్ తొమ్మిది శాతం, చుట్టూ చీకటి పడుతోంది. ఆయ్, ఆ టీ కొట్టాయనే పుణ్యాత్ముడు. ఫ్రిజ్ తీగ పీకి తన 15 యాంప్స్ సాకెట్ ఇచ్చాడు. ఆ సాకెట్ మీద గంటకి మూడు యూనిట్లే ఎక్కుతాయి. ఇంటికి చేరే పాటి ఛార్జ్ ఎక్కేదాకా అత్తయ్యగారిని ఆ కొట్టు బల్ల మీదే కూర్చోబెట్టాం. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

నేను ఎలాగోలా ఇల్లు చేరాను. అప్పు చేసి ఎలక్ట్రిక్ ట్యాక్సీ కొని, రాజోలు నుంచి మధురపూడి ఎయిర్‌పోర్టుకి కిరాయిలు వేసే కుర్రాడి సంగతేంటి? డయాలసిస్ పేషెంట్‌ని కాకినాడ దింపేవాడి సంగతేంటి? వీళ్లంతా డబ్బున్న షోకు బాబులని మీలో ఎవరైనా అనుకుంటే, ఒకసారి ఛార్జింగ్ పాయింట్ దగ్గర అరగంట నిలబడి ఎవరు వస్తున్నారో చూడండి.

"మన దేశంలో ఇంతే" అన్న మాట కూడా వద్దు. అమెరికాలో ఎలక్ట్రిఫై అమెరికా అనే ఛార్జింగ్ స్టేషన్ల సంస్థకి ఒకప్పుడు ఆరు నెలలకి ఒక కేబుల్ పోతే ఎక్కువ. 2024లో మే నెల దాకానే 129 పోయాయి. రాగి టన్ను ధర లండన్ మార్కెట్‌లో 11,000 డాలర్లు దాటింది కూడా ఆ మే నెలలోనే. రాగి ధర పెరిగితే రాగి ఉన్న ప్రతి వస్తువు మీదా దొంగ కన్ను పడుతుంది. ఆ ధర మన చేతుల్లో లేదు, కానీ దొంగ సరుకు కొనే కొట్టు మన ఊళ్లోనే ఉంది.

నా కోపమంతా ఆ కొట్టు మీదే. కాలవ గట్టు మీద రాత్రిపూట నల్లటి పొగ, ప్లాస్టిక్ కాలిన కంపు వచ్చిందంటే అక్కడ ఎవరో తీగ మీద తొడుగు కాల్చి రాగి తీస్తున్నట్టే. ఆ మసి పట్టిన రాగి మర్నాడు ఎక్కడికి పోతుంది? పాత ఇనుము కొట్టుకే కదా. కొనేవాడు లేకపోతే కోసేవాడు ఉండడు. భారతీయ న్యాయ సంహిత 317 ప్రకారం దొంగసొత్తు అని తెలిసి తీసుకున్నవాడికి మూడేళ్ల దాకా జైలు ఉంది. దొంగతనానికి 303 ఉంది. ఆస్తి ధ్వంసానికి 324 ఉంది, నష్టం లక్ష రూపాయలు దాటితే దాని కింద శిక్ష ఐదేళ్ల దాకా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్‌కి 2003 విద్యుత్ చట్టంలో 136వ సెక్షన్ ఎప్పట్నుంచో ఉంది. చట్టాలకి లోటు లేదు. రాగి అమ్మేవాడి ఆధార్ రాసుకుని, ఎన్ని కిలోలో రిజిస్టర్‌లో ఎక్కించమని ప్రతి కొట్టుకీ చెప్పి, నెలకోసారి ఆ రిజిస్టర్ చూస్తే సగం పని అయిపోతుంది. నిజాయితీగా పాత సామాను కొనుక్కునే వాళ్లకి దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదు.

స్టేషన్లు పెట్టేవాళ్లని కూడా వదలను. స్థలం చవగ్గా దొరికిందని లైటు లేని మూలలో మెషిన్ నిలబెట్టి, మనిషిని పెట్టకుండా, ఎక్కడో సిటీలో కూర్చుని యాప్ చూసుకుంటామంటే ఎలా? హైవేల మీద ప్రతి 20 కిలోమీటర్లకీ స్టేషన్ ఉండాలని కేంద్రం 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. పీఎం ఈ-డ్రైవ్ అనే కేంద్ర పథకంలో ఛార్జింగ్ కోసమే 2,000 కోట్లు కేటాయించారు. మంచిదే. కానీ లెక్కపెట్టాల్సింది పెట్టెలని కాదు, పనిచేసే గన్‌లని. రాత్రంతా మనుషులు మసిలే పెట్రోలు బంకులో, హోటల్ ముందు, బస్టాండ్‌లో పెట్టండి. లైటు, కెమెరా, కేబుల్ తెగితే మోగే అలారం పెట్టండి. తెగిన రోజే యాప్‌లో ఆ పాయింట్ మూసేయండి.

బండి ఉన్నవాళ్లకి రెండు మాటలు. పోర్టబుల్ ఛార్జర్‌ని గేటు బయట వదలకండి. కారు వైపు ప్లగ్ లాక్ అవుతుంది కానీ గోడ వైపు ఎవడైనా పీకేయొచ్చు. ఛార్జర్ సీరియల్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి, మీ ఇన్సూరెన్స్‌లో ఛార్జర్‌కి కవర్ ఉందో లేదో ఇవాళే చూడండి. సగం తెగిన కేబుల్ కనిపిస్తే ముట్టుకోకండి, టేపు చుట్టి వాడే ఆలోచన అసలే వద్దు. కారుకి తగిలించి ఛార్జింగ్ మొదలైతే అందులో పారేది వందల వోల్టుల డీసీ. పిల్లలకి కూడా చెప్పండి, మెషిన్ మీద ఎర్ర బటన్ ప్రమాదం వస్తే నొక్కడానికే. సరదాకి నొక్కితే అక్కడ ఛార్జింగ్ ఆగిపోయి ఇంకొకరు రోడ్డు మీద చిక్కుకుపోతారు.

వచ్చే సోమవారం అమలాపురం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తున్నాం. రాగి కొనే కొట్లకి రిజిస్టర్ తప్పనిసరి చేయాలన్నది మొదటి డిమాండ్. ట్రాన్స్‌ఫార్మర్ కాయిల్ పోయిన రైతులు, మోటారు వైరు పోయిన చెరువుల వాళ్లు, ట్యాక్సీ కుర్రాళ్లు అందరూ రండి. గతంలో పోలీసులకి ఇచ్చిన ఫిర్యాదు కాపీ ఉంటే జిరాక్స్ తీసి తెచ్చుకోండి. అప్పట్లో ఫిర్యాదు చేయని వాళ్లు ఏం పోయిందో, ఎప్పుడు పోయిందో తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి తెచ్చినా చాలు.