25 కిలోల లోపు కుక్క ఉంటే అలారం మోగదా? ఆ మెసేజ్‌లో ఏది తప్పు

గుంటూరు, విజయవాడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ బాగా తిరుగుతోంది. అందులో చెప్పేది ఇది. ఇంట్లో కుక్కో పిల్లో ఉండి దొంగల అలారం ఊరికే మోగుతుంటే పాత మోషన్ సెన్సార్లు (కదలికని పసిగట్టేవి) తీసేసి పెట్ ఇమ్యూన్ సెన్సార్లు పెట్టించుకోవాలట. 25 కిలోల లోపు జంతువు తిరిగినా అవి మోగవట. పాతది ఉన్నచోటే బిగించవచ్చట, ఏ ప్యానెల్‌కైనా (సెన్సార్లన్నీ కలిసే అలారం పెట్టెకి) సరిపోతాయట. రెండు పద్ధతుల్లో పసిగట్టే డ్యూయల్ రకమైతే ఇక తిరుగే లేదట. కొత్తవి వచ్చేదాకా సెన్సిటివిటీ తగ్గించి, రాత్రిళ్ళు కుక్కని బాత్రూమ్‌లోనో బాల్కనీలోనో ఉంచాలట.

గుంటూరులో ఈ సెన్సార్లు బిగించే పనిలో ఉన్నాను కాబట్టి దీనికి జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఈ మాటలు నమ్మి డబ్బు పెట్టిన ఇళ్ళలో అలారం మళ్ళీ మోగుతుంది. నాలుగు రాత్రులు నిద్ర చెడ్డాక ఇంటివాళ్ళు విసుగొచ్చి అలారం పూర్తిగా ఆపేస్తారు. దొంగకి కావాల్సిందీ అదే.

ముందు ఆ 25 కిలోల సంగతి. మోషన్ సెన్సార్ కాటా కాదు, అది దేన్నీ తూచదు. ఇళ్ళలో ఎక్కువగా వాడేది పీఐఆర్ రకం. మన ఒంటి నుంచి, కుక్క ఒంటి నుంచి, గోడ నుంచి కంటికి కనపడని పరారుణ కిరణాలు వస్తూనే ఉంటాయి. సెన్సార్ ముందున్న తెల్లటి ప్లాస్టిక్ లెన్స్ గదిని చాలా ముక్కలుగా చూస్తుంది. చుట్టుపక్కల కంటే వెచ్చగానో చల్లగానో ఉన్న ఒళ్ళు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి కదిలితే లోపలి సర్క్యూట్‌కి తేడా తెలుస్తుంది. పెట్ ఇమ్యూన్ అంటే ఆ లెన్స్ నేలకి దగ్గరగా ఉన్న భాగాన్ని చూడకుండా తయారుచేయడం, లేదా చిన్న తేడాల్ని లెక్కలోకి తీసుకోకుండా సర్క్యూట్‌ని మార్చడం. చాలా మోడళ్ళలో రెండూ ఉంటాయి. కిలోల అంకె కొనేవాళ్ళకి సులువుగా అర్థం కావడానికి వేసిన అంచనా మాత్రమే. కంపెనీ చెప్పిన ఎత్తులో సెన్సార్ ఉండి, జంతువు నేలమీదే నడిస్తేనే ఆ అంకెకి విలువ.

పైగా బరువుకీ వేడికీ నేరుగా సంబంధం లేదు. ఒత్తుగా బొచ్చున్న పెద్ద కుక్క ఒంటిపైభాగం గది వేడికి దగ్గరగా ఉంటుంది. పొట్టి వెంట్రుకల మన నాటుకుక్క బరువులో సగమే ఉన్నా, దాని ఒంటి వేడి నేరుగా బయటికొస్తుంది, సెన్సార్‌కి ఎక్కువ తేడా చూపిస్తుంది. రెండు కుక్కలు పక్కపక్కనే పరిగెత్తితే సెన్సార్‌కి అవి రెండని తెలియదు.

పిల్లుల విషయంలో ఈ మెసేజ్ మరీ అన్యాయం. నాలుగు కిలోల పిల్లి సోఫా వీపు మీదికీ, అక్కడి నుంచి ఫ్రిజ్ మీదికీ, అటక మీదికీ ఎక్కుతుంది. సెన్సార్‌కి రెండడుగుల దూరంలో దాని ఎదురుగా ఉన్న నాలుగు కిలోల పిల్లి, హాలు చివర నడిచే మనిషంత పెద్దగా కనిపిస్తుంది. పిల్లి తిరిగే గదిలో, ఎక్కడానికి ఏవైనా ఉంటే, ఏ పెట్ సెన్సార్ మీదా నాకు నమ్మకం లేదు. ఆ గదికి సెన్సార్ వేయకుండా ఉండటమే మంచిది.

పాతది ఉన్నచోటే బిగించవచ్చనేది రెండో తప్పు. పాత సెన్సార్‌ని చాలా ఇళ్ళలో వైరు అందిన మూలలో, కిందికి వంచి పెట్టి ఉంటారు. పెట్ సెన్సార్‌ని అలా వంచితే నేలకి పైన చూడాల్సిన భాగం కాస్తా నేలను చూడటం మొదలుపెడుతుంది. సాధారణంగా 7 నుంచి 8 అడుగుల మధ్య ఎత్తులో, గోడకి నిటారుగా బిగించాలి. ఆ మోడల్‌కి కచ్చితమైన ఎత్తు డబ్బాలోని కాగితం మీద ఉంటుంది, దాన్నే పాటించాలి. బ్రాడీపేట, లక్ష్మీపురం వైపు డూప్లెక్స్ ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఇబ్బంది మెట్లు. సెన్సార్ మెట్లకి ఎదురుగా ఉంటే, ఆరో మెట్టు మీద నిలబడ్డ కుక్క అప్పటికే మూడడుగుల ఎత్తులో ఉన్నట్టు. దివాన్ కాట్, సోఫా కూడా అంతే. పశ్చిమం కిటికీ ఎండ పడే నేలకి, ఏసీ గాలికి ఎదురుగా కూడా పెట్టకూడదు. లెన్స్ మీద పాకే బల్లి, సాలీడు కూడా అలారం మోగించగలవు. వైరు లోపలికి వచ్చే రంధ్రాన్ని మూసేయడం చిన్న పనే గానీ మన ఊళ్ళో అది చాలా అవసరం.

డ్యూయల్ సెన్సార్ మంచి వస్తువే, కానీ అది వేరే సమస్యకి మందు. అందులో పీఐఆర్‌తో పాటు రేడియో తరంగాలతో కదలికని పట్టే మైక్రోవేవ్ కూడా ఉంటుంది, రెండూ ఒప్పుకుంటేనే మోగుతుంది. ఎండపొడ, వేడిగాలి లాంటివి వేడిని మారుస్తాయి గానీ కదిలే వస్తువులు కావు కాబట్టి అక్కడ బాగా పనికొస్తుంది. కుక్క వెచ్చగానూ ఉంటుంది, కదులుతూనూ ఉంటుంది. రెండు పరీక్షల్లోనూ అది పాసవుతుంది. డ్యూయల్ అని రాసి ఉంటే చాలదు, పెట్ ఇమ్యూన్ అని విడిగా చెప్పి ఉండాలి. మైక్రోవేవ్ ప్లైవుడ్ తలుపుల్ని, అద్దాన్ని దాటిపోతుందని కూడా గుర్తుంచుకోండి. పక్కగదిలో తిరిగే ఫ్యాను దానికి కదలికే.

సెన్సిటివిటీ తగ్గించమనే సలహా అన్నిటికంటే ప్రమాదం. డిసెంబరులో కుక్కకి మోగుతోందని తగ్గించారనుకోండి. అప్పుడు గది చల్లగా ఉంటుంది, ఒంటికీ గోడకీ తేడా ఎక్కువ. మే నెలలో గుంటూరులో ఎండ నలభై దాటడం మామూలే. తాళం వేసిన పై అంతస్తు ఇంట్లో స్లాబు కాలి గోడలు మనిషి చర్మం వేడికి దగ్గరగా వస్తాయి. అప్పుడు దొంగకీ గోడకీ తేడా దాదాపు ఉండదు. మంచి సెన్సార్లు గది వేడిని బట్టి తమను తాము సర్దుకుంటాయి గానీ, మనం ముందే తగ్గించి పెడితే ఆ సర్దుబాటు ఎంతవరకు ఆదుకుంటుంది? మనుషులు ఊరెళ్ళి ఇల్లు ఖాళీగా ఉండే వేసవి సెలవుల్లోనే సెన్సార్ గుడ్డిదవుతుంది.

ఇక కుక్కని బాత్రూమ్‌లో పెట్టమనే మాట. ఇది రాసినవాళ్ళు ఏప్రిల్ రాత్రి మన బాల్కనీలో పది నిమిషాలు పడుకుని చూడాలి. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూ చల్లబడాలి. గాలి ఆడని బాత్రూమ్‌లో దానికి ప్రాణం మీదికొస్తుంది. అసలు ఆ అవసరమే లేదు. దాదాపు ప్రతి ప్యానెల్‌లోనూ హోమ్ మోడ్ లేదా స్టే మోడ్ ఉంటుంది. ఆ మోడ్‌లో లోపలి మోషన్ సెన్సార్లు పనిచేయవు, తలుపు తెరిస్తే పసిగట్టే మ్యాగ్నెట్ సెన్సార్లు మాత్రం పనిచేస్తాయి. వీధి తలుపు, పెరటి తలుపు, మేడ మీది తలుపు, ఈ మూడింటికీ మ్యాగ్నెట్ సెన్సార్లు, కిటికీ గ్రిల్లుకి వైబ్రేషన్ సెన్సార్ ఉంటే రాత్రంతా కుక్క ఇంట్లో ఎక్కడైనా పడుకోవచ్చు. దొంగ లోపలికొచ్చాక కాదు, తలుపు తీసినప్పుడే సైరన్ మోగుతుంది. జంతువులున్న ఇంటికి నేను ముందు ఖర్చు పెట్టమనేది వీటి మీదే. మోషన్ సెన్సార్ ఆ తర్వాత.

కొత్తది బిగించాక పరీక్ష తప్పనిసరి. ప్యానెల్‌ని టెస్ట్ మోడ్‌లో పెట్టి, సెన్సార్ వైపు కాకుండా దానికి అడ్డంగా నడవండి, పీఐఆర్ అలా నడిచినప్పుడే బాగా పట్టుకుంటుంది. తర్వాత మీరు బయటికెళ్ళి కుక్కని వదలండి. బంతి విసిరి సోఫా ఎక్కనివ్వండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూడండి.

ఏ ప్యానెల్‌కైనా సరిపోతాయనేది కూడా నిజం కాదు. వైర్‌లెస్‌లో ఒకే 433 మెగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ మీద నడిచే రెండు కంపెనీల సెన్సార్లు కూడా చాలాసార్లు ఒకదాని ప్యానెల్‌తో ఒకటి మాట్లాడవు. వైరు రకంలో పన్నెండు వోల్టుల సెన్సార్లు చాలావరకు కలుస్తాయి గానీ, పాత సెన్సార్ టెర్మినళ్ళ దగ్గర చిన్న రెసిస్టర్ ఉంటే దాన్ని పారేయకండి, అది లేకపోతే ప్యానెల్ ఆ జోన్‌లో (ఆ సెన్సార్ లైనులో) లోపం చూపిస్తుంది. మూత తీసేముందు ప్యానెల్‌ని సర్వీస్ మోడ్‌లో పెట్టండి, లేదంటే మూత తెరిచినందుకు ట్యాంపర్ అలారం మోగి పక్క ఫ్లాట్లన్నీ లేస్తాయి. షాపుకి వెళ్ళేముందు ప్యానెల్ మోడల్ నంబరు, పాత సెన్సార్ వెనక ఉన్న స్టిక్కరు ఫొటో తీసుకుని వెళ్ళండి.