వదిలేసిన చేపకి కూడా బిల్లు వేస్తాను

అవును, వేశాను. మూడువేల ఐదువందలు. పట్టుకుని, ఫోటో దిగి, మళ్లీ నీళ్లలోకి వదిలేసిన చేపకి డబ్బులు తీసుకున్న లాడ్జి మాదే. దాన్ని రిసార్ట్ వాళ్ల దోపిడీ అని కొందరు రాశారు. పోయిన ఆదివారం నుంచి చుట్టాలు, స్నేహితులు, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఫోన్ చేసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేదు, అందుకే ఇక్కడ రాసేస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, టీ తెచ్చుకుని కూర్చోండి.

తెలియనివాళ్లకి ముందుగా: మాది బరంపురం. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు మా తాతలు ఉన్నచోటే ఉండిపోయారు, ఊరే రాష్ట్రం మారింది. రంభ దగ్గర చిల్కా సరస్సు ఒడ్డున మాకు నాలుగు గదులున్నాయి. లాడ్జి అనేది బోర్డు మీద మాట. అసలుకి నాన్న కట్టిన నాలుగు గదులు, ఒక వంటిల్లు, ఒక వరండా, నీళ్లలోకి దిగే పది మెట్లు. 2013లో ఫైలిన్ తుఫానుకి పైరేకులు లేచిపోయి పక్కవాళ్ల జీడితోటలో పడ్డాయి. రెండు దొరికాయి, మిగతావి ఎటుపోయాయో దేవుడికే తెలియాలి.

చిల్కా అంటే జనానికి చలికాలమే. అక్టోబరు నుంచి పక్షులు, డిసెంబరులో పిక్నిక్ బస్సులు, మకర సంక్రాంతికి కాళీజాయి గుడి దగ్గర జాతర. మార్చి వచ్చేసరికి పక్షులు వెళ్లిపోతాయి, వాటి వెనకే జనమూ. ఒడ్డున అందరూ షట్టర్లు దించే రోజుల్లో నేను తలుపులు తీస్తాను. సంక్రాంతి అవగానే మూసి, శివరాత్రి దాటాక గాలం వేసేవాళ్ల కోసం తెరవడం ఇది మూడో ఏడు. మా ఆయన దీన్ని ఇప్పటికీ వ్యాపారం అనడు, "నీ సరదా" అంటాడు.

తెరవడమంటే తాళం తీయడం అనుకునేవాళ్లు ఒకసారి ఫిబ్రవరిలో రండి. ముందు అసలు ఆ తాళమే రాదు. నెల్లాళ్ల ఉప్పుగాలికి లోపల తుప్పు పట్టి, కొబ్బరినూనె చుక్కలు వేసి పది నిమిషాలు బతిమాలుకోవాలి. తలుపు తీస్తే తడిసిన గోనెసంచి వాసన. పరుపులన్నీ మెట్ల మీద ఎండబెడితే సాయంత్రానికి కాకులు వాటి సంతకాలు పెట్టి వెళ్తాయి. పడవని ఒడ్డుకి లాగి బోర్లా తిప్పితే అడుగంతా గుల్లలు. కత్తిపీట విరిగిన ముక్కతో గీకుతుంటే అవి పంటికింద రాయిలా కరకరమంటాయి. రెండు రోజులు గీకి, ఒక రోజు ఎండనిచ్చి, తారు పూయాలి. ఆ వాసన పోకముందే మొదటి ఫోన్ వస్తుంది: "మేడమ్, డాల్ఫిన్లు కనిపిస్తాయా?"

డాల్ఫిన్లు ఎక్కువగా ఉండేది సాతపడా వైపు, పూరీ జిల్లాలో, సముద్రం నీళ్లు లోపలికొచ్చే చోట. మేమున్నది దక్షిణం చివర, గంజాం జిల్లాలో. ఈ మాట ఈ నెలలో ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. రెండో ప్రశ్న, "చేప గ్యారంటీనా?" మూడోది, "రాత్రికి స్పీకర్ పెట్టుకోవచ్చా?" పెట్టుకోకూడదు.

గ్యారంటీ గురించి మా బావగారి దగ్గర ఉపాయం ఉంది. ఆయన దగ్గర ప్రతిదానికీ ఉంటుంది. "వెనక స్థలంలో చెరువు తవ్వించు. సగంలో రొయ్యలు వెయ్యి, సగంలో పండుగప్ప పిల్లలు వెయ్యి. వచ్చినవాడికి అరగంటలో చేప పడుతుంది, సాయంత్రానికి బిల్లు కట్టేస్తాడు." చిల్కా చుట్టూ వెయ్యి మీటర్ల లోపల రొయ్యల చెరువులు ఉండకూడదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది బావగారూ, మన వెనక స్థలం నీళ్లకి యాభై అడుగుల్లో ఉంది అంటే, "మరి ఘెరీలు ఎవరు ఆపారు?" అంటాడు. ఇక్కడ ఆయన మాట నిజమే. సరస్సులోనే వలలూ వెదుళ్లతో గట్లు కట్టి రొయ్యలు పెంచే ఘెరీల గొడవ ఈ ఒడ్డున ఎన్నేళ్లనించో ఉంది. 1999లో సొరానాలో పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయింది ఆ గొడవలోనే. వేరేవాళ్లు తప్పు చేస్తున్నారు కాబట్టి నేను కూడా ఒక చిన్న తప్పు చేసుకుంటానంటే నాకు నిద్ర పట్టదు. పైగా, తొట్టిలో చేపని పట్టుకోవడానికి మూడువందల కిలోమీటర్లు రావడం ఎందుకు?

సరే, అసలు కథ. విశాఖ నుంచి నలుగురు వచ్చారు. మంచి రాడ్లు, మంచి రీళ్లు, మర్యాదగా మాట్లాడే మనుషులు. తెల్లవారుజామున నాలుగున్నరకి మా పడవ నడిపే తాత వాళ్లని ఎక్కించాడు. తాతది నోలియా కుటుంబం, అంటే ఇక్కడి తెలుగు జాలర్లు, ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మోటారు వాడడు, గెడ వేసి తోస్తాడు. ఇక్కడ పొద్దున నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉంటాయి. పది దాటితే దక్షిణపు గాలి లేస్తుంది, అలలు కొడతాయి, ఇంక గాలం పట్టుకోవడం దండగ. చిన్న కొయ్యింగ పిల్లల్ని ఎరగా పెట్టారు. ఎనిమిదింటి దాకా ఏమీ లేదు. తర్వాత ఒకాయనకి లాగింది.

పండుగప్ప. తూస్తే ఏడు కిలోలు. నేను మెట్ల మీదే ఉన్నాను, పడవని దగ్గరికి తోసుకొచ్చారు. తడి గోనె మీద పడుకోబెట్టి ఉంది. వెండి పొలుసులు, పైన కాస్త ఆకుపచ్చ నీడ, కళ్లు పిల్లి కళ్లలా మెరుస్తున్నాయి. మొప్పలు తెరుచుకోవడం, మూసుకోవడం, అంతే. ఎవరూ మాట్లాడలేదు. నాలుగైదు ఫోటోలయ్యాక నేను మా రూలు గుర్తుచేశాను. బుకింగ్ అప్పుడే చెప్పాను, గది తలుపు మీద కూడా రాసి ఉంది: అయిదు కిలోలు దాటిన పండుగప్పని వదిలేయాలి.

ఎందుకంటే పండుగప్ప పుట్టేటప్పుడు మగది. కొన్నేళ్లు పెరిగాక ఆడదవుతుంది. అంటే బాగా పెద్దవి దాదాపు అన్నీ ఆడవే. ఒక్కోటి లక్షల్లో గుడ్లు పెడుతుంది, అదీ ఉప్పునీళ్లున్న ముఖద్వారం వైపు, అంటే సరస్సు సముద్రంలో కలిసేచోటికి వెళ్లి. అక్కడికి దారి ఉండాలి, వెళ్లడానికి చేప ఉండాలి. దారి మూసుకుపోతే ఏమవుతుందో మా ఒడ్డువాళ్లు చూశారు. ఇసుక మేటలు వేసి ముఖద్వారం పూడుకుపోయిన రోజుల్లో, 1999-2000లో చిల్కా మొత్తం మీద పడిన చేప 1,700 టన్నుల పైచిలుకు. 2000 సెప్టెంబరులో సిపకుద దగ్గర కొత్త ముఖద్వారం తవ్వాక, 2001-02కల్లా అది 12,000 టన్నుల దగ్గరికి వెళ్లింది. నీళ్లకి దారి ఇస్తే చేప వస్తుంది. కానీ సముద్రంలోకి దారి తెరిచి, పెద్ద ఆడచేపల్ని వంటింట్లోకి పంపితే లాభమేంటి?

చేప పట్టినాయన ఒప్పుకున్నారు. నిజంగా ఒప్పుకున్నారు. తానే మోకాళ్లలోతు నీళ్లలో దిగి, తాత చెప్పినట్టు తోక దగ్గర పట్టుకుని నిలబెట్టారు. రెండు నిమిషాలకి అది ఒక్క ఊపు ఊపి వెళ్లిపోయింది. ఆయన చొక్కా మొత్తం తడిసింది, ముఖం మాత్రం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోయింది. అక్కడిదాకా అంతా బాగుంది.

సాయంత్రం బిల్లులో "పండుగప్ప 7 కిలోలు, కిలో 500" అని చూసి ముఖం మారింది. "మేడమ్, చేప మేం తినలేదు కదా. మీరే వదిలేయమన్నారు కదా!"

ఆ డబ్బు నాది కాదు, తాతది.

మొదటి ఏడు నేను కూడా ఇలాగే తెలివితక్కువగా ఉన్నాను. వదిలేయాలని రూలు పెట్టి గొప్ప పని చేశాననుకున్నాను. పడవవాళ్లు ఏమీ అనలేదు. రెండో వారానికి ఒక్కొక్కరికీ ఏదో ఒక పని తగిలింది. ఒకరికి పెళ్లి, ఒకరికి జ్వరం, ఒకరి పడవకి చిల్లు. నాకు అర్థం కావడానికి ఇంకో వారం పట్టింది. తాతే ఆఖరికి చెప్పాడు: "అమ్మా, ఏడెనిమిది కేజీల సేప సేతిదాకా వచ్చినాక వదిలేసినానంటే మా ఇంట్లో ఎవులూ నమ్మరు. అమ్మేసి డబ్బులు తాగేసినాననుకుంటారు."

నవ్వుతూనే అన్నాడు, నాకు మాత్రం నవ్వు రాలేదు. చేపని వదిలిన పుణ్యం గెస్టుది, రూలు పెట్టిన మంచిపేరు నాది, పోయిన కూలి మాత్రం తాతది. ఈ నీళ్లలో చేపలు పట్టే హక్కు ఊళ్ల మత్స్యకార సొసైటీలది, తరతరాలుగా ఆ పని చేస్తున్నవాళ్లది. నేనైనా, రాడ్డు పట్టుకొచ్చిన గెస్టు అయినా వాళ్ల ఇంటికి వచ్చినవాళ్లమే. ఇంటికొచ్చి, వాళ్ల కంచంలో కూర తీసి అవతల పారబోసి, "ప్రకృతి కోసం" అని చెప్పి వెళ్లిపోతామా? అందుకే అప్పట్నుంచి వదిలిన చేపకి ఆ రోజు ఒడ్డున పలికే ధర తూకం ప్రకారం పడవవాడికి వెళ్తుంది. తూకం గోనెతో సహా వేసి గోనె బరువు తీసేస్తాం, అందులో కూడా తగువు లేదు.

నా తప్పు ఒకటుంది, ఒప్పుకుంటాను. వదలాలని గది తలుపు మీద పెద్దక్షరాలతో రాసి, డబ్బు సంగతి కింద చిన్నక్షరాలతో రాశాను. బేరం పోతుందేమోనన్న భయం. ఆ విశాఖ ఆయన దాని మీదే పట్టుకున్నారు, ఆ ఒక్క మాటలో ఆయనది న్యాయమే. మొన్న బోర్డు మార్చాను. ఇప్పుడు రెండూ ఒకటే సైజు.

ఇంకో విషయం, దీన్ని రిసార్ట్ వాళ్ల దోపిడీ అని రాసినవాళ్లకి. ఆ మూడువేల ఐదువందలూ తాత మర్నాడు ఏం చేశాడో తెలుసా? వెయ్యి నా చేతిలోనే పెట్టి, "తారు బాకీ అమ్మా" అన్నాడు. మిగతా డబ్బు ఇంట్లో చూపించడానికి నన్ను వెంట రమ్మన్నాడు. వెళ్లాను. వాళ్ల కోడలు నన్ను రెండుసార్లు అడిగింది, నిజంగానే వదిలేశారా అని. ఫోన్‌లో ఫోటో చూపించాక గానీ నమ్మలేదు.

ఉగాదికి రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. మూడో నంబరు గదిలో కుళాయి కారుతోంది, ప్లంబర్ ఛత్రపురం నుంచి రావాలి, కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోకండి. ఎర మీరు తెచ్చుకోనక్కర్లేదు. తూకంరాళ్లు నా దగ్గరే ఉన్నాయి.