ఐడీ కంపెనీది, కిస్తీ డ్రైవర్‌ది

దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేటల నుంచి పోయి ఎల్బీనగర్, హయత్‌నగర్ చుట్టుపక్కల గదులు తీసుకుని క్యాబ్ నడిపేవాళ్లకు కిరాయి ఎంతో ఓలా, ఊబర్ లాంటి యాప్ చెబుతుంది. రేటింగ్ పడిపోతే ఐడీ, అంటే యాప్‌లో డ్రైవర్ ఖాతా, బ్లాక్ చేసేదీ యాపే. కోర్టు మెట్లెక్కాల్సి వస్తే మాత్రం కంపెనీ మాట మారుతుంది: మేం ఇద్దరిని కలిపేవాళ్లమే, బండి మాది కాదు, మనిషీ మావాడు కాదు.

ప్రయాణికుల భద్రత కేసులు వేరు, డ్రైవర్ల హక్కుల కేసులు వేరు అనుకుంటాం. రెండిట్లోనూ తేలాల్సింది డ్రైవర్ మీద పెత్తనం ఎవరిదన్నదే. కర్ణాటకలో ఇది సూటిగా బయటపడింది. 2018లో ఓలా క్యాబ్‌లో వేధింపులు ఎదురైన మహిళ కేసులో, పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వరకు డ్రైవర్‌ను కంపెనీ ఉద్యోగిగానే చూడాలని, ఆమెకు 5 లక్షల పరిహారం ఇవ్వాలని 2024 సెప్టెంబర్ 30న హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పిచ్చారు. రోజుల్లోనే అదే హైకోర్టులోని ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచ్ ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లోనే ఊబర్ డ్రైవర్లు 'వర్కర్లు' అని, యాప్ ఆన్‌చేసి ట్రిప్పు కోసం ఎదురుచూసే సేపూ పనివేళే అని తేల్చింది.

మన దగ్గర 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ అనే కార్మిక చట్టం ఇలాంటి కంపెనీలను టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కార్మికుల సంక్షేమ నిధికి కట్టమంటోంది. అది డ్రైవర్లకు చెల్లించే మొత్తంలో 5 శాతం దాటనక్కర్లేదు. నిధి వచ్చింది గానీ 'ఉద్యోగి' అన్న మాట రాలేదు. నా లెక్కలో అసలు లోటు అదే.

కింది స్థాయిలో ఏం జరుగుతుందో చూడండి. హైదరాబాద్ నుంచి నల్లగొండకు ట్రిప్పు పడుతుంది, తిరుగు బండి ఖాళీ. "సార్, క్యాన్సిల్ కొట్టుండ్రి, పైసలు చేతికియ్యుండ్రి" అంటాడు డ్రైవర్. కమిషన్ మిగులుతుంది, ప్రయాణికుడికీ వందో రెండొందలో తగ్గుతుంది. చిట్యాల దగ్గర బండి బోల్తా పడితే కంపెనీ లెక్కలో ఆ ట్రిప్పే లేదు. ట్రిప్పుకు ముడిపడిన బీమా రాదు, యాప్‌లోని ఎమర్జెన్సీ బటన్ పనికిరాదు. మిగిలేది బండి పాలసీ ఒక్కటే.

అందులోనూ ఒక మెలిక ఉంది. ఫైనాన్స్ దొరకలేదని కారు బావమరిది పేరుమీద తీస్తారు. ఓనర్ కమ్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా ఆర్సీలో పేరున్నవాడికి రాసింది. స్టీరింగ్ పట్టినవాడు వేరైతే బీమా కంపెనీ మొదట పట్టుకునేది అదే. నెలజీతానికి పెట్టుకున్న డ్రైవరైతే పాలసీలో 'పెయిడ్ డ్రైవర్' కవర్ విడిగా ఉందో లేదో చూడాలి.

ఎదుటి బండి తప్పయితే పరిహారం దావా హైదరాబాద్‌లోనే వేయాలనేం లేదు. కుటుంబం ఉండే జిల్లాలోని మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లోనూ వేయొచ్చు. ప్రమాదం జరిగాక ఆరు నెలలు దాటకుండా వేయడం మేలు. వకీలు దగ్గరికి పోకముందే ట్రిప్ హిస్టరీ, ఆ రోజు లాగిన్ వేళలు స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్లో పెట్టాలి. ఐడీ బ్లాకయ్యాక అవి తెరుచుకోవు.