ఇంటి పద్దు భాషలో థాచర్ రాజకీయం

ముక్కుసూటిగా మాట్లాడే నాయకులంటే జనానికి ఇష్టం అని తేలిగ్గా అనేస్తాం. కానీ సూటి మాట ఓటుగా మారాలంటే, విన్నవాళ్లు దాన్ని తమ ఇంటి లెక్కతో సరిచూసుకోగలగాలి. బ్రిటన్‌లో కన్సర్వేటివ్ పార్టీ ప్రధాని మార్గరెట్ థాచర్‌ను నిలబెట్టిందీ, పడగొట్టిందీ ఆ లెక్కే.

1979 మే ఎన్నికలకు ముందు చలికాలమంతా సమ్మెలే. వీధుల్లో చెత్త గుట్టలుగా పేరుకుంది. లివర్‌పూల్‌లో గోతులు తవ్వేవాళ్లు కూడా పని మానేయడంతో శవాలు ఖననం కాకుండా ఉండిపోయాయి. అప్పుడు గ్రాంథమ్ అనే ఊళ్లో కిరాణా వ్యాపారి కూతురైన థాచర్, రాబడికి మించి ఖర్చుచేసే ఇల్లు నిలవదు, దేశమూ అంతే అన్నారు. ఖజానా, ఇంటి పద్దు ఒకటి కావని ఆర్థికవేత్తలు చెప్పినదాంట్లో నిజముంది. అయితే వాళ్ల వాదన అర్థం కావడానికి అరగంట కావాలి, ఆమె మాటకు అర నిమిషం చాలు.

మాట వెనక చేతికందే వస్తువూ ఉంది. 1980 గృహ చట్టం ప్రకారం కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) ఇంట్లో మూడేళ్లు అద్దెకున్నవారికి దాన్ని 33 శాతం తగ్గింపుతో కొనుక్కునే వీలుండేది. ఆపై ఏడాదికో శాతం చొప్పున పెరిగి, ఇరవై ఏళ్లకు తగ్గింపు 50 శాతం అయ్యేది. అంటే 12 వేల పౌండ్ల ఇల్లు 6 వేలకే. వరసగా ఒకే రంగు తలుపులున్న వీధిలో ఒక తలుపుకు కొత్త రంగు పడిందంటే, ఆ ఇల్లు సొంతమైందని గుర్తు. అమ్మిన ఇళ్ల స్థానంలో కొత్తవి కట్టకుండా కౌన్సిళ్ల చేతులు కట్టేసిన సంగతి మాత్రం ఆ వీధికి ఆలస్యంగా తెలిసింది.

ఆ సూటిదనం అచ్చంగా సహజమేమీ కాదు. కీచుగా ఉండే గొంతును సాధన చేసి తగ్గించుకున్నారు. వెనక్కి తిరిగే మనిషిని కానంటూ 1980లో బ్రైటన్‌లో పార్టీ మహాసభలో ఆమె పలికిన ప్రసిద్ధ వాక్యం రొనాల్డ్ మిల్లర్ అనే నాటక రచయిత రాసిచ్చింది. జనమంతా ఆమె వెంటే ఉన్నారన్నదీ అతిశయోక్తే. 1979లో 43.9 శాతంగా ఉన్న పార్టీ ఓట్లు 1983లో 42.4కు తగ్గాయి. అయినా ప్రతిపక్ష ఓటు చీలడంతో 144 సీట్ల ఆధిక్యం వచ్చింది.

పోల్ టాక్స్ (తలపన్ను) కూడా ఇదే ఇంటి పద్దు భాషలో పుట్టింది. ఒంటరి వితంతువు, పక్కింట్లో నలుగురు సంపాదనపరులు ఇంటి విలువను బట్టి ఒకే పన్ను కట్టడం న్యాయమా? కాబట్టి తలకింత. వినడానికి బాగానే ఉంది. 1989లో స్కాట్లాండ్‌లో, మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో బిల్లులు వచ్చాక జనం వేరే లెక్క చూశారు. ఒకే కౌన్సిల్ పరిధిలో డ్యూక్‌కీ, చెత్త ఎత్తే మనిషికీ అదే మొత్తం. ఇరుకింట్లో ముగ్గురు పెద్దవాళ్లుంటే మూడు బిల్లులు. ఏ అర్థశాస్త్రమూ అక్కర్లేకుండా ఎవరికైనా తెలిసే అన్యాయం అది. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిరసన అల్లర్లుగా మారింది.

ఆ నవంబరులో ఆమెను దించింది ప్రతిపక్షం కాదు. యూరప్‌తో బ్రిటన్ ఎంతవరకు కలవాలన్న గొడవ ఒకటి ఉండనే ఉంది. దానికి తోడు, నియోజకవర్గాల్లో ఆ బిల్లుల గురించి అడిగితే జవాబు చెప్పుకోలేక తలపట్టుకున్న సొంత ఎంపీలే ఆ పని చేశారు.