‘అండ్’ ముందు కామా అంత పెద్ద చిక్కేం కాదు

స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లకు ఇంగ్లీషు కామాలు నేర్పే ఓ వ్యాసం చదివాను. అది జాబితాలో ‘అండ్’ ముందు కామాయే పెద్ద చిక్కన్నట్టు అక్కడే ఆగిపోయింది. స్పానిష్‌లో మామూలు జాబితాలో ‘ఇ’ (అంటే ‘అండ్’) ముందు కామా పెట్టరు, నిజమే. కానీ ఇంగ్లీషులో అది పెట్టకపోయినా చాలాచోట్ల చెల్లిపోతుంది. (అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఓవర్‌టైమ్ చట్టంలోని జాబితాలో ‘ఆర్’ ముందు అలాంటి కామా లేకపోవడంతో ఓ డెయిరీపై దాని డ్రైవర్లు కోర్టుకెక్కారు, 2018లో ఆ డెయిరీ వాళ్లతో 50 లక్షల డాలర్లకు రాజీపడింది. అది వేరే కథ.)

అసలు తంటా రెండు పూర్తి వాక్యాలను ఒట్టి కామాతో అతికించడంలో ఉంది. ‘ఇట్ వజ్ రెయినింగ్, వుయ్ స్టేడ్ హోమ్’ అని రాస్తే స్పానిష్ వాళ్లకు పెద్దగా లోపం కనిపించదు. ఇంగ్లీషు టీచర్ మాత్రం ఎర్రపెన్ను తీస్తారు. అక్కడ ఫుల్‌స్టాపో సెమికోలనో ఉండాలి, లేదంటే కామా తర్వాత ‘సో’ అయినా రావాలి.

ఉత్తరాల సంగతి కూడా రాయాల్సింది. స్పానిష్‌లో ‘కెరీదా ఆనా’ తర్వాత కోలన్, ఇంగ్లీషులో ‘డియర్ ఆనా’ తర్వాత కామా. ఇక అంకెల దగ్గరైతే మరీ టెన్షన్. స్పెయిన్‌లో 3,500 అంటే మూడున్నర, ఇంగ్లీషులో మూడు వేల ఐదు వందలు! బిల్లులో ఇది తారుమారైతే మార్కులతో పోదు. మెక్సికో వాళ్లకు ఈ బాధ లేదు, దశాంశానికి వాళ్లూ చుక్కే వాడతారు.