చిరిగిపోయిన ఆఖరి పేజీకి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆఖరి పేజీ గారి సమ్ముఖమునకు,

తిరుపతి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. తమరు ఎక్కడుంటున్నారో అడ్రసు తెలీక ఇలా నలుగురిలో రాయాల్సొచ్చింది, ఏమీ అనుకోకండి.

తొంభైల మొదట్లో గాంధీరోడ్డు వెనక సందులో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. అడ్వాన్సు ఇరవై రూపాయలు, అద్దె రోజుకు అర్ధరూపాయి. కుటుంబ నవలలు కంటికి ఎదురుగా, డిటెక్టివ్‌లు చేతికందేంత ఎత్తులో, క్షుద్రపూజలు ఏకంగా కౌంటరు మీదే. గ్రహాంతరవాసులు మాత్రం అడుగు అరలో, బొద్దింకల మందు పక్కన. అవీ అన్నీ అచ్చు పుస్తకాలు కావు. ఎవరో ఓపికమంతులు వారపత్రికల్లోంచి సీరియల్ చింపి, దబ్బనంతో కుట్టి, పాత పెళ్లి పత్రిక అట్ట అంటించిన బైండ్లు. రాకెట్ బొమ్మ ఉండాల్సిన చోట 'బంధుమిత్రుల అభినందనలతో' అని ఉండేది.

అలాంటి ఒక బైండులో ఓడ భూమి మీద నుంచి లేస్తుంది. ఏదో గ్రహం మీద దిగుతుంది. అక్కడివాళ్లు మనవాణ్ణి కట్టేస్తారు, మనవాడు తప్పించుకుని పరిగెత్తి ఓడ తలుపు తీస్తాడు, లోపల... అంతే. తమరు లేరు. కుట్టు దగ్గర వేలెడంత చిరుగు, దాని మీద మైదా జిగురు మరక.

మా సంఘం పుట్టింది ఆ చిరుగులోంచే. ఒకే బైండును ఒకరి తర్వాత ఒకరం తీసుకెళ్లి, ముగ్గురం ఒకేరోజు కౌంటరు దగ్గర తేలి, "చించింది నువ్వేనా?" అని కాలర్లు పట్టుకోబోయి స్నేహితులమయ్యాం.

సంఘం అని పేరైతే పెట్టుకున్నాం కానీ తిరుపతిలో అభిమాన సంఘమంటే ఒక హీరో ఉండాలి, కటౌట్ ఉండాలి, దానికి పాలాభిషేకం జరగాలి. టీ కొట్టాయన అడిగేశాడు. "ఎవరి ఫ్యాన్సప్పా మీరు?" "సైన్స్ ఫిక్షన్‌కన్నా." "ఓహో. ఆయన సినిమా ఎప్పుడొస్తాది?"

నిజంగానే 1991లో వచ్చింది, ఆదిత్య 369. కాలయంత్రం ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, అక్కణ్ణించి 2504కీ పోయిరావడం. హాలంతా ఈలలు. తీరా చూస్తే ఈలలన్నీ హీరోకి, మేం ముగ్గురం యంత్రానికి. పాలు పోద్దామంటే షార్ట్ సర్క్యూట్ అవుతుందని మా అధ్యక్షుడు వద్దన్నాడు.

ఆ వేడిలోనే కొండకు పోయాం. మహాద్వారం దాటగానే రాయలవారు దేవేరులిద్దరితో చేతులు జోడించి, రాగి విగ్రహాలై నిలబడి ఉంటారు కదా. బతికుండగా ఏడుసార్లు కొండకొచ్చిన రాజు. క్యూ మొత్తం లోపలివైపు మెడలు సాచి పోతుంటే మా అధ్యక్షుడు అక్కడ ఆగి, "సామీ, ఆ యంత్రాన్ని యాడ నిలబెట్టినారు?" అన్నాడు, చాలా మర్యాదగా. "జరగండి, జరగండి!" వెనక నుంచి ఒక్క తోపు. జవాబు వినకుండానే హుండీ దగ్గర తేలాం. ఇందులో కూడా తమరి హస్తం ఉందని నా అనుమానం.

దొరలకు కూడా సంఘం ఇలా గిల్లికజ్జాలతోనే కుదిరిందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1926లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అనే ఆయన సైన్స్ ఫిక్షన్ కథలకని అమేజింగ్ స్టోరీస్ పత్రిక పెట్టి, పాఠకుల ఉత్తరాల కింద వాళ్ల అడ్రసులు కూడా అచ్చేశాడు. ఇంకేముంది, పత్రికకు రాసేవాళ్లు ఒకరికొకరు రాసుకోవడం మొదలెట్టారు. 1937 జనవరి 3న ఇంగ్లండులో లీడ్స్ అనే బట్టల మిల్లుల ఊళ్లో, దివ్యజ్ఞాన సమాజం వారి హాల్లో సభ పెట్టుకున్నారు. లండన్ వాళ్లే అక్కడికి పోయారు, తర్వాత పేరుమోసిన సైన్స్ ఫిక్షన్ రచయిత అయిన ఆర్థర్ సి. క్లార్క్, అప్పటికి పందొమ్మిదేళ్లవాడు, వాళ్లలో ఒకడు. ఇక 1939లో న్యూయార్కులో జరిగిన తొలి ప్రపంచ సభలో, పాత తగాదాలు మనసులో పెట్టుకుని ఆరుగురు అభిమానుల్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. చదివాక నాకు ప్రాణం లేచొచ్చింది. మా ముగ్గురిలోనూ రెండు వర్గాలున్నాయి మరి. ఓడ భూమికి తిరిగొచ్చిందనే వర్గంలో నేనూ ఇంకొకడూ. రాలేదనే వర్గంలో అధ్యక్షుడొక్కడే. వాణ్ణి ఆపుదామంటే మాకు గుమ్మం లేదు.

కొన్నేళ్లకు సంఘం తరఫున చంద్రగిరి అవతలున్న గాదంకి అనే ఊరికి పోయాం. అక్కడ 1024 ఆంటెనాలు చెరుకు నాటినట్టు వరసగా నిలబడి ఉంటాయి. "గ్రహాంతరవాసులతో మాట్లాడేదానికే" అన్నాడు అధ్యక్షుడు గొంతు తగ్గించి. అది పైన వీచే గాలుల వేగం కొలిచే రాడార్ అని తిరుగు బస్సులో పక్క సీటాయన చెప్పాడు. చంద్రగిరి దాటేదాకా అధ్యక్షుడు నోరు విప్పలేదు.

ఇప్పుడు శ్రీహరికోట మా జిల్లాలోదే, 2022లో జిల్లాలు చీల్చినప్పుడు మా వాటాకొచ్చింది. ప్రయోగానికి ముందు ఇస్రో వాళ్లు రాకెట్ నమూనా పట్టుకుని కొండకు వస్తారు. మబ్బు లేకపోతే మా మేడ మీదికి తెల్లటి గీత కనబడుతుంది. "అబద్ధాల పుస్తకాలు చదివి చెడిపోతా ఉండావు" అని నన్ను ఇరవయ్యేళ్లు తిట్టిన మా మామ మొన్న మేడెక్కి, ఆ గీత అరిగిపోయేదాకా చూసి, "ఇదేందిరా, సగంలోనే మాయమైపాయె. మిగతాది?" అన్నాడు. ఏం చెప్పమంటారు?

తమరి జాడ ఒకే ఒక్కసారి దొరికింది. లీలామహల్ దగ్గర వేయించిన చెనక్కాయలు కొని తింటూ పొట్లం విప్పితే, పైన 'గత సంచిక తరువాయి', అట్టడుగున 'సమాప్తం'. మధ్యదంతా నూనె. వీధిదీపానికి ఎత్తిపట్టి చూశాం, 'తలుపు' అన్న మాట ఒక్కటి కనబడింది. అది ఓడ తలుపో, ఎవరింటి తలుపో. చెనక్కాయలు మాత్రం బాగున్నాయి.

షాపు ఇప్పుడు సెల్‌ఫోన్లకు గొరిల్లా గ్లాసులు అంటించే కొట్టయింది. ముగ్గురికీ షుగరొచ్చింది. వర్గాలు మాత్రం అలాగే ఉన్నాయి. కాబట్టి ఒక మనవి. తమరు ఎప్పుడైనా తిరిగొస్తే దయచేసి అధ్యక్షుడి ఇంటికి వెళ్లకండి. బస్టాండులో దిగి నేరుగా నా దగ్గరికి రండి. ఓడ తిరిగొచ్చినట్టు రాసి ఉంటే ఫ్రేము కట్టిస్తాను. రానట్టుంటే, మూడో కంటికి తెలియకుండా మళ్లీ చెనక్కాయల బండికే పంపించేస్తాను.

ఇట్లు,
ఇరవై రూపాయల అడ్వాన్సు ఇంకా వెనక్కి రాని సభ్యుడు,
తిరుపతి.